అడవిలో పొద్దు ముందే వాలుతుంది

అమ్మడూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఉద్యోగానికి నెల రోజులు సెలవు పెట్టి మారేడుమిల్లిలో పదిహేను రోజులు, ఆ తర్వాత అరకులో పదిహేను రోజులు ఉండి బొమ్మలు వేసుకుంటానన్నావట. "ఆడపిల్ల ఒక్కతే ఏజెన్సీకి ఏమిటి బావగారూ, మీరైనా చెప్పండి" అని ఒకటే గొడవ. "వెళ్ళనీ అమ్మా" అన్నాను. అలా అనేసి ఫోన్ పెట్టాక తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. మూడేళ్ళప్పుడు నా పాలెట్‌లో వేలు ముంచి హాలు గోడ నిండా నీలం పూసిన పిల్లవి, ఇప్పుడు అడవి వెలుగు వెతుక్కుంటూ వెళ్తానంటే నాకు ఎంత గర్వంగా ఉందో, అంత భయంగానూ ఉంది.

సామాను సంగతి నీకు తెలిసిందే. వాటర్‌కలర్ పేపరు మందంగా, 300 జీఎస్ఎమ్‌కి తగ్గకుండా తీసుకో, అక్కడి తేమకి పలచటిది ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ కవర్లు నాలుగు ఎక్కువే పెట్టుకో. ఎవరి ఇల్లు గీసినా, ఏ మనిషిని గీసినా ముందు అడుగు. ఊరివాళ్ళు తోడు లేకుండా రోడ్డు దిగి లోపలికి పోకు. ఫోన్ సిగ్నల్ ఉంటుందిలే అనుకోకు.

ఇక వెలుగు. చెట్టు కింద నేల మీద పడే వెలుగు మచ్చల్ని ఎప్పుడైనా వంగి చూశావా? ఆకుల సందులు ఎంత వంకరగా ఉన్నా, కింద పడే మచ్చలు మాత్రం చాలావరకు గుండ్రంగానో కోలగానో ఉంటాయి. ఎందుకంటే అవి సూర్యుడి బొమ్మలే. చిన్న చిన్న సందులు ఒక్కోటీ ఒక్కో సూర్యుణ్ణి నేల మీద దించుతాయి. గ్రహణం రోజున అవే మచ్చలు నెలవంకలైపోతాయి. ఆ వెలుగు మచ్చ పక్కన ఒక పుల్ల గుచ్చి చూడు, రెండు మూడు నిమిషాలకల్లా తన వెడల్పంత జరిగిపోయి ఉంటుంది. నువ్వు కుంచె కడుక్కుని రంగు కలిపేసరికి నువ్వు చూసిన చోట అది ఉండదు. అందుకే కూర్చోగానే మొదటి ఐదు నిమిషాల్లో నీడల అంచులు పెన్సిల్‌తో కట్టేసి, ఎండ ఎటునుంచి వస్తోందో బాణం గీసి, మూలన టైము రాసుకో. ఆ తర్వాత వెలుగు ఎటు పోయినా దాని వెంట పడకు. మచ్చల దగ్గర పేపర్ని తెల్లగా వదిలెయ్యి. తర్వాత తెల్లరంగు పెట్టి తెచ్చుకుందామంటే ఆ మెరుపు రాదు. పచ్చరంగు ట్యూబులోంచి తీసింది తీసినట్టు వేయకు, అల్ట్రామెరైన్ నీలం, పసుపు కలిపి, కొంచెం బర్న్‌ట్ సియెన్నా గోధుమరంగుతో అణచు. ఆకుల్లోంచి వడకట్టి వచ్చిన వెలుగులో నీ చెయ్యి కూడా లేత పచ్చగా కనిపిస్తుంది, చూసుకో.

వెలుగు వెంట పడకు అని ఊరికే అనలేదు. మీ నాన్న ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. వాడు చెప్పే రకం కాదు.

1987 అక్టోబరు. నాకు ముప్ఫై ఒకటి, మీ నాన్నకి ఇరవై రెండు. డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాడని, బోర్డు మోయడానికి తోడు రమ్మని నేనే తీసుకెళ్ళాను. రాజమండ్రిలో తెల్లవారుజామున బస్సెక్కి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరాం. ఊరు దాటాక వాగు పక్కన ఒక నల్లమద్ది ఉంది. మొసలి వీపులా పగిలిన బెరడు. నాలుగింటికి ఎండ వాగు మీదుగా అడ్డంగా వచ్చి ఆ మాను మీద పడింది. పగుళ్ళ అంచులన్నీ నిప్పు రంగు, లోపలంతా నీలం. అలాంటిది నేను మళ్ళీ చూడలేదు. కూర్చున్నాను. గాలిలో తేమకి పలచగా పూసిన మొదటి రంగు ఆరదు, ఆరకపోతే పై పూత వేయలేను. "అన్నయ్యా, బస్సు టైమైంది" అన్నాడు వాడు. పది నిమిషాలన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ పది నిమిషాలే. మూడోసారి వాడు అడగలేదు, బోర్డు ఎగరకుండా పట్టుకుని నిలబడ్డాడు. నిజానికి అప్పటికే మాను మీద వెలుగు పోయింది. లేని వెలుగుని ఆశతో వేస్తున్నాను. ఘాట్ మీద ఆఖరి బస్సు గేరు మార్చిన చప్పుడు వినిపించింది, అంతే, ఆ తర్వాత వాగు చప్పుడు తప్ప ఇంకేం లేదు. కొండల మధ్య పొద్దు మనకన్నా ముందే వాలిపోతుందని నాకు అంతవరకూ తెలియదు.

చీకట్లో పడి నడిచాం. ఒక కొండరెడ్ల ఇంటివాళ్ళు జావ పోసి, అరుగు మీద చాప వేశారు. వాళ్ళ రుణం నేను తీర్చుకోలేదు. ఉన్నది ఒకటే దుప్పటి. నేను దగ్గుతున్నానని వాడు నాకు కప్పేశాడు. రాత్రంతా దోమలు వాణ్ణే తిన్నాయి.

పదకొండో రోజున చలి జ్వరం. మామూలు జ్వరమనుకుని మాత్రలు వేశాం. మూడో రోజుకి వాడు మా అమ్మని గుర్తుపట్టలేదు. మెదడుకి ఎక్కిన మలేరియా అన్నారు. కినైన్ సెలైన్‌లో ఎక్కించారు. నాలుగు రాత్రులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. ఐదో రోజు కళ్ళు తెరిచి నన్ను చూసి వాడడిగిన మొదటి మాట, "బొమ్మ అయిందా అన్నయ్యా?"

బయటికొచ్చి ఏడ్చాను. ఆ బొమ్మ ఇప్పటికీ బీరువాలో ఉంది. నేల మీద నీడలు నాలుగింటివి, మాను మీద వెలుగు ఐదున్నరప్పుడు నేను ఊహించుకున్నది. ఒకదానితో ఒకటి కుదరలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకోబోయింది ఆ అబద్ధం కోసం.

చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి నిన్ను ఎన్నిసార్లు తీసుకెళ్ళానో గుర్తుందా? రాజమండ్రిలో కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో మొదలై, బొంబాయిలో చదివి, దేశం తిరిగి అంత పని చేసిన మనిషి 1925లో మసూచికం వచ్చి 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఆ గదిలో నిలబడితే నాకు బొమ్మలకన్నా ముందు ఆ వయసే గుర్తొస్తుంది. నీకిప్పుడు ఇరవై ఏడు. నా భయం నీకు చాదస్తంగా తోస్తే తోచనీ.

కాబట్టి నాలుగున్నరకల్లా కుంచెలు కడిగెయ్. ఎంత బంగారం కురుస్తున్నా సరే. సాయంత్రం నిండు చేతుల చొక్కా వేసుకో, దోమతెర లేకుండా ఎక్కడా పడుకోకు. తిరిగొచ్చాక నెల లోపు ఒళ్ళు వెచ్చబడితే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకో, ఏజెన్సీకి వెళ్ళొచ్చానని డాక్టరుకి నోరు తెరిచి చెప్పు.

అరకులో నీకు పొగమంచు దొరుకుతుంది. పొద్దున్నే సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలో కూర్చుంటే వెనక వరస చెట్లు బూడిదరంగులో, ఇంకా వెనకవి కాగితం రంగులో కలిసిపోతాయి. అక్కడ వెలుగు తాపీగా దిగుతుంది, నీకు టెన్షన్ ఉండదు. వలిసె పూలు కూడా ఆ రోజుల్లోనే. ఆ పసుపు చూసి ట్యూబంతా ఖాళీ చేయకు.

దోమతెర కొత్తది కొని, నాలుగు మూలలా తాళ్ళు నేనే కట్టి పార్సిల్ వేశాను. బస్సెక్కించడానికి మీ నాన్న వస్తానంటే వద్దనకు.

ఇంకొక్కటి. ఊరు దాటాక వాగు పక్కన ఆ నల్లమద్ది ఇంకా ఉందేమో చూడు. ఉంటే వెయ్యి తల్లీ. పొద్దున పూట వెళ్ళి వెయ్యి.

నీ పెదనాన్న