మతిమరుపా, మతిభ్రమణమా, పరాకా?

సందేహం: రొమ్ము క్యాన్సర్‌కి కీమో పూర్తయింది. అప్పటినుంచి పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నాను. తెలిసిన పేరే నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. దీన్ని ‘కీమో బ్రెయిన్’ అంటారని డాక్టరుగారు చెప్పారు. ఒక వ్యాసంలో మాత్రం ‘మతిభ్రమణం’ అని చదివి హడలిపోయాను. తెలుగులో ఏమనాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఆ వ్యాసం అవతల పడేయండి. మతిభ్రమణం అంటే పిచ్చి. నిఘంటువు తెరవకుండా రాసేవాళ్ల పుణ్యమా అని రోగికి ఉన్న బాధ చాలక టెన్షన్ ఒకటి. ‘మతిమరుపు’ తప్పు కాదు గానీ వినగానే ముసలితనం గుర్తొస్తుంది. ‘ఏమరుపాటు’లో తప్పు మీదేనన్న ధ్వని ఉంది. ‘పరధ్యానం’ అంటే మనసు వేరేదాని మీద ఉండాలి, మీకు అదీ లేదు.

నాకు ‘పరాకు’ నచ్చుతుంది. సంస్కృతంలో ‘పరాక్’ అంటే అటువైపు తిరిగినది అని. పెడమొహం పెట్టినవాణ్ణి పరాఙ్ముఖుడు అనేదీ ఇందుకే. బుద్ధి ఉన్నచోటే ఉంది, కాస్త అటు తిరిగింది, అంతే. తమాషా ఏమిటంటే రాజు సభకు వస్తుంటే వేత్రధారులు అరిచిన ‘బహుపరాక్’ కూడా ఈ మాటే. అక్కడ దానర్థం జాగ్రత్త! పక్కకు తప్పుకోండి అన్నదే అలా మారిందో, పరాకు పడకండి అన్నది కుదించుకుపోయిందో, నేను తేల్చి చెప్పను. అజాగ్రత్తకీ జాగ్రత్తకీ ఒకే మాట ఉన్న భాష మనది.

స్కానులూ ఈ మాటకే సాక్ష్యం చెబుతున్నట్టున్నాయి. 2007లో అమెరికా పరిశోధకులు ఒకే పోలికలో పుట్టిన కవల అక్కచెల్లెళ్లను పరీక్షించారు. ఒకరు రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకున్నారు, రెండోవారికి ఆ జబ్బే లేదు. జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కానులో మాత్రం, చెప్పినవి గుర్తుంచుకునే పనికి కీమో తీసుకున్నావిడ మెదడులో ఎక్కువ మేర పనిలోకి దిగింది. మతి పోలేదు, అదే పనికి ఎక్కువ కష్టపడుతోంది. ఒక్క జంటతో అందరి సంగతీ తేలదనుకోండి.

పనిలో పని, ‘స్కానులో మెదడు వెలిగింది’ అని రాసేవారికి ఓ మాట. అక్కడ ఏ దీపమూ వెలగదు. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది, ఆక్సిజన్ పాళ్లు మారతాయి. ఆ కాస్త తేడాను యంత్రం పట్టుకుంటుంది. ఎరుపూ పసుపూ కంప్యూటర్ పూసిన రంగులు. ‘చురుగ్గా పనిచేసింది’ అంటే ఏం పోయింది?

అయితే ‘కీమో పరాకు’ అందామా? అక్కడే నాకు తటపటాయింపు. కొందరు రోగులకు కీమో మొదలుకాకముందు తీసిన స్కానుల్లోనే తేడాలు కనిపించాయి. జబ్బు, అలసట, దిగులు, వీటిలో దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. కాబట్టి ఇంట్లో వట్టి ‘పరాకు’ అనండి. ఆసుపత్రిలో మాత్రం ‘కీమో బ్రెయిన్’ అనే చెప్పండి. అక్కడ పరాకు అంటే ఫైలులో ఏమని రాసుకుంటారో, నేను పూచీ పడలేను.