మిషిగన్ చలిలో ప్రొపేన్ హీటరు: అంబాజీపేట అబ్బాయికి జవాబు

నాన్నా, నీ ప్రశ్న చదివాను. మిషిగన్ ఉత్తరాన, ఊరికి దూరంగా పాత ఫార్మ్‌హౌస్ అద్దెకు తీసుకున్నావు. ఒక్కడివే ఉంటున్నావు. ఇంటికంతటికీ ఒక ఫర్నేస్ ఉన్నా పడకగది దాకా వేడి రావడం లేదు. దుకాణంలో గోడకి తగిలించే ప్రొపేన్ హీటరు చూశావు, అంటే మన వంటగ్యాస్ లాంటి దానితో మండేది. పొగగొట్టం అక్కర్లేదని డబ్బా మీద రాసుందట. నాలుగు స్క్రూలు బిగించి గ్యాస్ ట్యూబు కలిపేస్తే పనైపోతుందని ఎవరో వీడియోలో చూపించారట. పెట్టుకోవచ్చా అని అడిగావు.

పెట్టుకోవద్దు. పొగ బయటికి పోయే హీటరే పెట్టుకో. అది కూడా లైసెన్సు ఉన్నవాడి చేతే పెట్టించుకో. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగ్గానే చెప్పాలి, ఎందుకంటే నువ్వు చూసినటువంటి హీటరు ముందు కూర్చుని నేను ఒక చలికాలం గడిపాను.

సంక్రాంతి దాకా ఇక్కడ కోనసీమలోనే ఉంటున్నాను. నీ సంగతి తెలిసి మీ అమ్మ నిన్న మా ఇంటికి వచ్చింది. "గ్యాస్ పేలుతుందేమో అక్కయ్యగారూ, వాడు ఒక్కడే ఉంటాడు" అని ఒకటే కంగారు. ఆవిడ కంగారు ఊరికే వచ్చింది కాదు. మన వైపు గ్యాస్ అంటే 1995 జనవరిలో పాశర్లపూడిలో అంటుకుని 65 రోజులు మండిన బావి గుర్తొస్తుంది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో పేలిన గ్యాస్ పైపులైను గుర్తొస్తుంది. మన లంకల్లో, తోటల్లో గ్యాస్ భయం అంటే మంట భయం. మంటయితే కంటికి కనిపిస్తుంది, పరిగెత్తొచ్చు. మూసిన ఇంట్లో హీటరు వల్ల వచ్చే ప్రమాదం కనిపించదు, వాసన రాదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. నువ్వు భయపడాల్సింది దానికి.

మనకి ఈ భయం అలవాటు లేకపోవడానికి మన ఇళ్లే కారణం. మా తాతగారిది మండువా లోగిలి. నడుమ ఆకాశం కనిపించేది. వంటింట్లో పిడకలు, కొబ్బరి డొక్కలు ఎంత మండించినా పొగ పెంకుల సందుల్లోంచి, మండువాలోంచి పోయేది. ధనుర్మాసంలో కుంపటి దగ్గర కూర్చున్నా తలుపులు తీసే ఉండేవి. అక్కడి ఇల్లు మూత బిగించిన డబ్బా. వేడి పోకుండా గోడల్లో దూది లాంటిది కూరతారు, కిటికీలకి రెండు మూడు అద్దాలు వేస్తారు. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉన్నప్పుడు ఎవరూ కిటికీ తెరవరు. నిప్పు వెలిగితే అది తినే గాలీ, వదిలే పొగా రెండూ ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోతాయి.

పెళ్లయి అమెరికా వెళ్లిన మొదటి చలికాలం మేముంది నీ ఇల్లు లాంటి ఇంట్లోనే. మా వారిది ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ. పగలు ఆయన మేడ మీద గదిలో నిద్ర, రాత్రి నేను ఒక్కదాన్నే. హాల్లో గోడకి పొగగొట్టం లేని హీటరు ఉండేది. మాకు ముందు అద్దెకున్నవాళ్లు టౌనులో వాడుకున్నది తెచ్చి ఇక్కడ తగిలించి వెళ్లారట. కిటికీల సందుల్లోంచి గాలి కొడుతోందని నేను టేపులు అంటించాను, ప్లాస్టిక్ కాగితం బిగించాను. తలుపు కింద పాత చీర చుట్టి పెట్టాను. హీటరు పక్కనే కుర్చీ వేసుకుని రోజంతా అక్కడే గడిపేదాన్ని.

కొన్నాళ్లకి తలనొప్పి మొదలైంది. పొద్దున్న లేస్తూనే తల దిమ్ముగా ఉండేది. అన్నం సహించేది కాదు, వికారం. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఏ పని మొదలుపెట్టినా కూర్చోవాలనిపించేది. అప్పట్లో ఫోను ఖరీదు కాబట్టి అమ్మతో అప్పుడప్పుడే మాట్లాడేదాన్ని. సంగతి చెబితే "బెంగ పెట్టుకున్నావమ్మా, కొన్నాళ్లకి అదే అలవాటవుతుంది" అంది. నాకూ అదే అనిపించింది. బెంగ పెట్టుకున్న మనిషికి ఆకలుండదు, నిద్ర ఎక్కువవుతుంది, తల బరువెక్కుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అని, సరిగ్గా కాలని మంటలోంచి పుట్టే విషవాయువు ఉంది, అది పట్టిన మనిషికీ అంతే. రెంటికీ లక్షణాలు అచ్చం ఒకేలా ఉంటాయని నాకు చెప్పేవాళ్లు లేరు. కొత్తగా పెళ్లయిన పిల్లని కాబట్టి వికారం అనగానే మా వాళ్లు ఇంకో శుభవార్త అనుకున్నారు కూడా.

నేను పట్టించుకోని గుర్తులు చాలానే ఉన్నాయి. బట్టలు ఉతకడానికి టౌనులో లాండ్రీకి వెళితే తలనొప్పి తగ్గిపోయేది, ఇంటికొచ్చాక మళ్లీ వచ్చేది. జనం మధ్య ఉంటే మనసు తేలికపడుతోంది అనుకున్నాను. కిటికీ అద్దాల మీద నీళ్లు ధారలు కట్టేవి. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. గొట్టం లేకపోతే ఆ తేమంతా గోడల మీదే చేరుతుంది. మూలల్లో బూజు నల్లగా పట్టింది. అన్నిటికన్నా పెద్ద గుర్తు మంట రంగు. నీలంగా నిలకడగా ఉండాల్సిన మంట పసుప్పచ్చగా, నాలుకలు చాస్తూ ఊగేది. చూడ్డానికి భోగి మంటలా ఉందని నాకు బాగానే ఉండేది.

గిన్నె తిరిగిచ్చి వెళదామని పక్క పొలం ఆవిడ ఒక సాయంత్రం మా ఇంటికి రాబట్టి బతికాను. ఆవిడ తలుపు తీసి లోపలికి రాగానే అద్దాల మీది నీళ్లు చూసింది, మంట చూసింది, నా మొహం చూసింది. మాట్లాడకుండా హీటరు కట్టేసి, నన్నూ మా వారినీ బయటికి లాక్కెళ్లి తన కారులో కూర్చోబెట్టింది. ఫైరు వాళ్లు మీటర్లతో వచ్చారు. హీటరు విప్పి చూసినవాడు చెప్పిన మాట ఏమిటంటే, అది టౌనులో పైపుల్లో వచ్చే న్యాచురల్ గ్యాస్ కోసం చేసింది. గ్యాస్ మంటలోకి వచ్చే సన్న రంధ్రం ముక్కని జెట్ అంటారు, దాన్ని మార్చకుండా ప్రొపేన్‌కి కలిపేశారు.

ఇది ఒక్కటి బాగా అర్థం చేసుకో. ఒకే కొలత గ్యాస్ తీసుకుంటే న్యాచురల్ గ్యాస్ కంటే ప్రొపేన్‌లో రెండున్నర రెట్లు వేడి ఉంటుంది. ఇంటి లోపలికి వచ్చే ఒత్తిడి కూడా వేరు. అందుకే ప్రొపేన్ హీటరుకి జెట్ రంధ్రం సన్నగా ఉంటుంది, రెగ్యులేటరు వేరేగా ఉంటుంది. పెద్ద రంధ్రంలోంచి ప్రొపేన్ వదిలితే దానికి సరిపడా గాలి అందదు. సగం కాలుతుంది. ఆ సగం కాలిన దాంట్లోంచే మసి, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. మన రక్తంలో ప్రాణవాయువు పట్టుకోవాల్సిన చోటుని ఈ వాయువు రెండు వందల రెట్లకి పైగా బలంగా పట్టుకుంటుంది. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, ఒంటికి మాత్రం గాలి అందదు. ఇలా అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండానే అమెరికాలో ఏటా నాలుగు వందల మందికి పైగా పోతున్నారు.

"ఇప్పటి హీటర్లలో సెన్సరు ఉంటుంది కదా ఆంటీ" అని రాశావు. ఉంటుంది. గదిలో ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి పడిపోతే అది హీటరుని ఆపేస్తుంది. కానీ అది కొలిచేది ఆక్సిజన్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు. బర్నరులో దుమ్ము చేరో, జెట్ తేడా వచ్చో మంట పాడైతే ఆక్సిజన్ అంతగా తగ్గకముందే విషం పుట్టొచ్చు. కెనడాలోనూ, కాలిఫోర్నియాలోనూ ఇళ్లలో ఈ రకం అసలు ఒప్పుకోరు. ఒప్పుకునే చోట్ల కూడా పడకగదికి పరిమితులుంటాయి, ఇంటికంతటికీ అదొక్కటే వేడిగా ఉండకూడదంటారు. మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) నియమాలు బిల్డింగ్ ఆఫీసుకి ఫోను చేస్తే చెబుతారు. పర్మిట్ సంగతీ వాళ్లనే అడుగు. ఇంటి ఓనరు ఒప్పుకుంటూ కాగితం రాసివ్వాలి.

నువ్వు అడగాల్సింది డైరెక్ట్ వెంట్ రకం. గొట్టంలో గొట్టం ఉంటుంది. బయటి గొట్టంలోంచి హీటరు తనకి కావలసిన గాలి వీధిలోంచి తెచ్చుకుంటుంది, లోపలి గొట్టంలోంచి పొగ వీధిలోకే పోతుంది. మంట ఉండే పెట్టె గదికి తెరుచుకోదు. గదిలో గాలిని ముట్టుకోదు, తేమ వదలదు. బయటి గోడకే తగిలించాలి కాబట్టి పడకగదిలో మంచం జరుపుకోవాల్సి రావచ్చు, జరుపుకో. కరెంటు లేకుండా నడిచే మోడళ్లు కూడా ఉన్నాయి. మంచు తుఫానుకి రెండు రోజులు కరెంటు పోయినా పనిచేస్తాయి. ఖరీదు ఎక్కువే. ఇంటికి పంపే డబ్బు ఒకటి రెండు నెలలు తగ్గినా మీ నాన్న ఏమీ అనుకోడు, నేను చెబుతాను.

నిలువు పొగగొట్టంతో పోయే పాత రకం ఎవరైనా పెడతానంటే నీకో సంగతి తెలియాలి. ఆ రకం హీటరు గదిలోని గాలినే తీసుకుంటుంది, పొగ దానంతటది పైకి లేచి పోవాలి. మన వంటకి తాలింపు ఘాటు తట్టుకోలేక ఎగ్జాస్ట్ ఫ్యాను పెద్దగా పెడతాం. బట్టలారేసే డ్రయరు కూడా గాలిని బయటికి తోస్తుంది. మూసిన ఇంట్లో ఇవి రెండూ కలిసి లాగితే, పైకి పోవాల్సిన పొగ గొట్టంలోంచి వెనక్కి తిరిగి గదిలోకి వస్తుంది. చేపల పులుసు పెట్టుకునే ఇంటికి ఆ రకం వద్దనే నేనంటాను.

బయట గొట్టం నోరు ఎక్కడ ఉండాలో, కిటికీకి ఎంత దూరమో, నేలకి ఎంత ఎత్తో మాన్యువల్‌లో ఉంటుంది. బిగించేవాడిని దాని ప్రకారమే చేయించు, పక్కన నిలబడి చూడు. మీ ఊళ్లో మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో ఆ ఊరివాళ్లని అడిగి, దానికి పైనే గొట్టం పెట్టించు. ప్రతి తుఫాను తర్వాతా పార తీసుకుని మొదట గొట్టం చుట్టూ మంచు తియ్యి, ఆ తర్వాత కారు సంగతి చూసుకో. మా రెండో ఇంట్లో హీటరు పెట్టించినప్పుడు నేను పనివాడి వెనకాలే తిరిగి జెట్ మీద నంబరు కూడా చూపించమన్నాను. వాడు విసుక్కోలేదు. విసుక్కునేవాడైతే వాడి చేత చేయించుకోకు.

ప్రొపేన్ లీకు గురించి రెండు మాటలు. అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, మన వంటగ్యాస్‌లాగే నేల మీదికి దిగి ఇంటి కింద ఉండే బేస్‌మెంటులో నిలుస్తుంది. అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. వాసన వస్తే స్విచ్చు కూడా ముట్టుకోకుండా బయటికి వచ్చేసి, అప్పుడు ఫోను చెయ్యి. గ్రిల్లు సిలిండరు ఇంట్లో పెట్టుకుని నడుపుదామని అనుకోకు, అది బయటే ఉండాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ కానివ్వకు. ఒకసారి ఖాళీ అయితే లీకు పరీక్ష చేశాకే మళ్లీ వెలిగిస్తారు. మిషిగన్‌లో ఇళ్లకి వాడినంత ప్రొపేన్ ఇంకే రాష్ట్రంలోనూ వాడరు కాబట్టి ఈ పనులు తెలిసినవాళ్లు అక్కడ బాగానే దొరుకుతారు.

కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఈ రోజే కొను. పడకగది బయట ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి, బేస్‌మెంటులో ఒకటి. బ్యాటరీ ఉన్నవి తీసుకో. వాటికి కూడా ఆయుష్షు ఉంటుంది, వెనకాల తేదీ రాసుంటుంది. హీటరు పెట్టించేదాకా మందపాటి రగ్గు కప్పుకుని ఫర్నేస్ వేడి అందే గదిలో పడుకో, ఏమీ కాదు.

నా అసలు భయం ఇంకొకటి. అలారం మోగినా తల దిమ్మెక్కిన మనిషి లేవలేకపోవచ్చు. నలుగురున్న ఇంట్లో ఒకరికి కాకపోతే ఒకరికి అనుమానం వస్తుంది, అందరికీ ఒకేసారి తల నొప్పెడుతోందేమిటని అడుగుతారు. ఒక్కడివే ఉంటే నీ మొహం చూసి ఇలా ఉన్నావేమని అడిగేవాళ్లుండరు. మన ఊళ్లో పొద్దెక్కినా తలుపు తియ్యకపోతే పాలవాడే కేకేస్తాడు. మీ ఫార్మ్‌హౌస్‌కి వారం దాకా ఎవరూ రారు. ఇంటి నుంచే పని అని మురిసిపోతున్నావు. నాకైతే ఆ మాటే నచ్చలేదు. వారానికి మూడు రోజులైనా లైబ్రరీలోనో, ఆఫీసులోనో కూర్చుని పని చేసుకో. పక్క పొలం వాళ్లతో పరిచయం పెంచుకో. నీ అంతట నువ్వే వెళ్లి తలుపు కొట్టు, అరటికాయ బజ్జీలు పట్టుకెళ్లు, వాళ్ల మంచు పార అడుగు. మొహమాటపడకు. వాళ్ల దగ్గర నీ తాళం చెవి ఒకటి ఉండాలి. ఇంట్లో తల నొప్పెట్టి బయటికెళితే తగ్గుతోందంటే అది బెంగ అనుకోకు. ముందు బయటికి రా, తర్వాత అక్కడి అత్యవసర నంబరు 911కి చెయ్యి.

రోజూ ఒక వేళ పెట్టుకుని మీ అమ్మతో మాట్లాడు. ఆ వేళకి నీ ఫోను రాకపోతే ఆవిడ ఏం చెయ్యాలో కూడా ముందే చెప్పి ఉంచు. ఇండియా నుంచి 911 నొక్కితే మిషిగన్‌కి వెళ్లదు. మీ ఊరి షెరిఫ్ ఆఫీసుకి, అంటే అక్కడి పోలీసులకి, మామూలు పది అంకెల నంబరు ఒకటి ఉంటుంది. అదీ, పక్క పొలం వాళ్లదీ, ఇంటి ఓనరుదీ ముందు 001 కలిపి నీ పూర్తి అడ్రసుతో సహా నాకు పంపించు. మీ అమ్మకి ఇంగ్లీషు రాదంటున్నావు కాబట్టి మీ వీధిలో ఇంజనీరింగ్ చదివే పిల్లని ఆవిడకి తోడు చేస్తాను. ఏం చెప్పాలో తెలుగు అక్షరాల్లో రాసిచ్చి, ఆ కాగితం మీ ఇంట్లో ఫోను పక్కన గోడకి నేనే అంటించి వస్తాను.