ఈక్వల్స్ రాసినా విద్యార్థి జాబితాలో ఎందుకు దొరకడం లేదు

జావాలో రోల్ నంబర్లు పోల్చేలా స్టూడెంట్ క్లాస్‌లో ఈక్వల్స్ (రెండు వస్తువులు సమానమా అని చెప్పే మెథడ్) రాసినా, అర్రేలిస్ట్ అనే జాబితాను కంటెయిన్స్‌తో (ఫలానాది ఉందా అని చూసే మెథడ్) అడిగితే ఫాల్స్, అంటే లేదని, వస్తోందని, దీనితో రెండు రోజులు పోయాయని రాశారు. మీరు పోల్చిన తీరు సరిగానే ఉంది. తప్పంతా ఈక్వల్స్ పేరు పక్కనున్న బ్రాకెట్ల లోపల ఉంది. అక్కడ మీ పారామీటర్ (మెథడ్ తీసుకునే విలువ) రకం స్టూడెంట్. జావాలో ప్రతి క్లాసుకూ ఆబ్జెక్ట్ క్లాస్ నుంచి వారసత్వంగా వచ్చే ఈక్వల్స్ మాత్రం ఆబ్జెక్ట్ రకాన్ని తీసుకుంటుంది. పేరు ఒకటే అయినా పారామీటర్ రకం వేరైతే అది ఓవర్‌రైడింగ్ (వారసత్వంగా వచ్చిన మెథడ్ స్థానంలో మీది పెట్టడం) కాదు, ఓవర్‌లోడింగ్ (అదే పేరుతో మరో మెథడ్ చేర్చడం). అంటే మీ క్లాస్‌లో ఇప్పుడు రెండు ఈక్వల్స్ ఉన్నాయి. కంటెయిన్స్ పిలిచేది వారసత్వంగా వచ్చినదాన్నే. మెమరీలో ఉన్నది ఒకే వస్తువా కాదా అన్నది తప్ప అది మరేమీ చూడదు.

పారామీటర్‌ను ఆబ్జెక్ట్ చేయండి. లోపల, వచ్చింది స్టూడెంటేనా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో సరిచూసుకుని స్టూడెంట్‌గా మార్చుకోండి. మెథడ్ పైన ఓవర్‌రైడ్ అనొటేషన్ (ఇది ఓవర్‌రైడింగే అని కంపైలర్‌కు చెప్పే గుర్తు) తప్పక పెట్టండి. 2004లో జావా 5తో వచ్చిన ఆ ఒక్క పదం ఉండి ఉంటే కంపైలర్ మిమ్మల్ని మొదటి నిమిషంలోనే ఆపేది. పెట్టకపోయినా నడుస్తుంది కదా అని దాన్ని వదిలేయడం నాకు అసలు నచ్చదు.

హ్యాష్‌కోడ్‌ను (వస్తువుకు ఒక సంఖ్య ఇచ్చే మెథడ్) కూడా రోల్ నంబరుతోనే ఓవర్‌రైడ్ చేయండి. లేకపోతే, ఆ సంఖ్యతో వెతికే హ్యాష్‌సెట్ వాడిన రోజున ఇదే ఫాల్స్ మళ్ళీ ఎదురవుతుంది.