108 చరిత్ర రాయబూనిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

108 అంబులెన్సు సేవ చరిత్ర రాస్తున్నావనీ, మొదటి అధ్యాయాన్ని 2005 ఆగస్టు 15న హైదరాబాదులో జరిగిన ప్రారంభంతో మొదలుపెట్టావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. తేదీ సరైనదే, కాని అక్కడ మొదలుపెట్టడం సరికాదని, ముప్పై ఏళ్లు క్యాజువాలిటీలో పనిచేసినవాడిగా నా అభిప్రాయం. అంతకుముందు క్షతగాత్రులు మా గుమ్మం దాకా ఎలా చేరేవారో చెప్పకపోతే, ఆ బండి వచ్చి ఏం మార్చిందో పాఠకుడికి బోధపడదు. కొందరిని ఆటోలో ఎవరో ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చేవారు, కొందరు పోలీసు జీపులో వచ్చేవారు, మన్యంలోనైతే డోలీయే దిక్కు. అంబులెన్సులు లేవని కాదు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం రోగిని ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి మార్చడానికే తిరిగేవి. రోడ్డు పక్కన పడిపోయిన మనిషి కోసం బయలుదేరే బండి, అందులో ప్రథమ చికిత్స తెలిసిన మనిషి ఉండటం అరుదు.

దానితోపాటు భయం గురించి కూడా రాయాలి. చట్టపరమైన లాంఛనాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడవలసిన బాధ్యత ప్రతి వైద్యుడికీ ఉందని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయితే గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకుండా రక్షించే నిబంధన మోటారు వాహనాల చట్టంలో చేరింది 2019 సవరణతో. ఈ రెంటికీ నడుమ, సాక్ష్యానికి తిప్పుతారన్న జంకుతో జనం పక్కకు తప్పుకుంటున్న కాలంలో 108 వచ్చింది. గాయపడినవారిని ముట్టుకోకుండా ఫోను చేసి ఆసుపత్రికి పంపించగలగడం ఎంత ఊరటో ఆ రోజులు చూసినవారికే తెలుసు.

సేవ నడిచే తీరును కాగితాలను బట్టి రాయి. కాల్ సెంటర్‌కు ఫోను వచ్చిన సమయం, బండి కదిలిన సమయం, ఘటనా స్థలానికి చేరిన సమయం, రోగిని ఆసుపత్రిలో అప్పగించిన సమయం వేరువేరు. 'ఇన్ని నిమిషాల్లో వచ్చింది' అన్న మాట కనిపించిన ప్రతిచోటా, ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కించారో అడుగు. మా రిజిస్టర్లను కూడా గుడ్డిగా నమ్మకు: రద్దీ రాత్రుల్లో నేనే అందరి పేర్లూ ఒకేసారి ఎక్కించి, వచ్చిన వేళలను పావుగంటల లెక్కన సర్దేసిన సందర్భాలున్నాయి. బండిలో ఉండే అత్యవసర వైద్య సహాయకుడు (ఈఎంటీ) రాసే పత్రం అంతకంటే నమ్మదగినది.

వ్యక్తుల విషయంలో పొగడ్తా వద్దు, దాపరికమూ వద్దు. 108ని నడిపిన ఈఎంఆర్ఐ సంస్థను స్థాపించినది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు. 2009 జనవరిలో ఆయన తన కంపెనీ లెక్కల్లో మోసాన్ని ఒప్పుకున్నారు. అప్పుడూ బండ్లు ఎందుకు ఆగలేదన్నదే నీ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న. నిర్వహణ ఖర్చులో అధిక భాగాన్ని అప్పటికే ప్రభుత్వం భరిస్తూ ఉండటం, అదే ఏడాది జీవీకే సంస్థ బాధ్యత తీసుకోవడం అందుకు కారణాలు. జీతాల కోసం ఎదురుచూస్తూనే డ్యూటీకి వచ్చినవారు ఉంటే, వారి మాటలు నువ్వే వెళ్లి వినాలి.

2014 జూన్ 2 తర్వాత కథ రెండు రాష్ట్రాలది అవుతుంది. రెంటి అంకెలనూ కలపవద్దు. అలాగే 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ వద్ద బారులు తీరిన వెయ్యికి పైగా వాహనాలను అన్నిటినీ అంబులెన్సులని రాయవద్దు. వాటిలో సగానికి పైగా 104 సంచార వైద్యశాలలు. వాటి పని ఊళ్లకు వెళ్లి పరీక్షించి మందులివ్వడం.

చివరిగా, అధికారులకంటే ముందు పాత పైలట్లను కలువు. ఆ సేవలో డ్రైవరును అలాగే పిలుస్తారు, ఆ పిలుపు వారికి గర్వకారణం కూడా. చిరునామా సరిగా చెప్పలేని ఊళ్లలో, గుడినో చెరువుగట్టునో ఆనవాలుగా పెట్టుకుని చీకట్లో ఇల్లు ఎలా వెతికేవారో అడుగు. వారు చెబుతున్నప్పుడు మధ్యలో తేదీలు అడిగి తొందరపెట్టకు. తేదీలను తర్వాత కాగితాలతో సరిచూసుకోవచ్చు.

ఇట్లు,
నీ మామయ్య