తాతయ్య ఊరెళ్లాడని చెప్పాం.. ఇప్పుడు నాన్న బ్యాగు తీస్తే బాబు వణికిపోతున్నాడు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తణుకు. మా బాబుకి అయిదున్నరేళ్లు, యూకేజీ. నెలన్నర క్రితం మా మామగారు గుండెపోటుతో పోయారు. బాబుకి ఆయనంటే ప్రాణం, స్కూలు నుంచి తీసుకొచ్చేదీ అన్నం తినిపించేదీ ఆయనే. ఐస్ బాక్సులో ఆయన్ని చూసి "తాతయ్యకి చలేస్తుంది, దుప్పటి కప్పు" అన్నాడు. ఏం చెప్పాలో తోచక నిద్రపోతున్నారన్నాను, తర్వాత అడిగితే ఊరెళ్లారని చెప్పాం. మా ఆయనకి హైదరాబాద్‌లో ఉద్యోగం, శనివారం వచ్చి ఆదివారం రాత్రి బస్సుకి వెళ్తారు. ఆయన బ్యాగు సర్దుకోవడం చూస్తే చాలు, బాబు కాళ్లు పట్టుకుని వదలడు. రాత్రి పడుకోడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు, స్కూలు టైముకి కడుపునొప్పి అంటాడు. చిత్రం ఏంటంటే సాయంత్రం మాత్రం హాయిగా ఆడుకుంటాడు. వాడి ముందు ఏడవకూడదని నేను బాత్రూమ్‌లోకెళ్లి ఏడుస్తున్నా. నిజం చెప్పేయాలా? తాతయ్య కళ్లజోడు కావాలని గోల చేస్తున్నాడు, ఇవ్వొచ్చా?

జవాబు: అమ్మా, ఐస్ బాక్సు దగ్గర ఆ నిమిషంలో నోటికొచ్చిన మాటకి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఇంటినిండా జనం, ఒకపక్క ఏడుపులు, మరోపక్క వచ్చినవాళ్లకి మంచినీళ్లు కూడా మీరే చూసుకోవాలి. అలాంటప్పుడు పిల్లలకి నిద్రపోతున్నారని చెప్పని ఇల్లు మన దగ్గర అరుదు. కాకపోతే పెద్దవాళ్లకి అది మర్యాదకి అన్న మాట, మీవాడికి అది సమాచారం. నిద్రపోయిన తాతయ్య లేవలేదు, కాబట్టి వాడు పడుకోవడం లేదు. ఊరెళ్లిన తాతయ్య తిరిగి రాలేదు, ఇప్పుడు నాన్న కూడా ఊరెళ్తానంటున్నాడు. వాడి స్థానంలో ఉంటే మీరైనా బ్యాగు పట్టుకుని వదలరు కదా.

నిజం చెప్పాలి. ఈ శనివారం మీ ఆయన వచ్చాక, ఇద్దరూ ఉన్నప్పుడు, పగటిపూట చెప్పండి, పడుకునే ముందు వద్దు. "చనిపోయారు" అనే మాటే వాడండి. పోయారు, దేవుడు తీసుకెళ్లాడు, చుక్కయ్యారు అనొద్దు, దేవుడు తీసుకెళ్లాడని విన్న పిల్లలు పూజ గదిలోకి రావడానికి భయపడటం నా దగ్గరికొచ్చే కేసుల్లో చూస్తూనే ఉంటాను. మీ ఇంటి నమ్మకాలు మీరు చెప్పుకోవచ్చు, కానీ ముందు అసలు విషయం అర్థమయ్యాకే.

ఇలా అనండి: "నాన్నా, తాతయ్య ఊరెళ్లారని నీకు తప్పు చెప్పాం. తాతయ్య చనిపోయారు. ఆయన గుండె చాలా పెద్ద జబ్బు చేసి ఆగిపోయింది. చనిపోతే ఊపిరి ఉండదు, ఆకలి వేయదు, నొప్పి తెలియదు, చలి వేయదు. తాతయ్య మళ్లీ రారు." చలి సంగతి మర్చిపోకుండా చెప్పండి, దుప్పటి కప్పలేదన్న బెంగ వాడి మనసులో ఇంకా ఉండి ఉంటుంది. పెద్ద జబ్బు అని నొక్కి చెప్పడం కూడా ముఖ్యం, లేకపోతే రేపు మీకు జలుబు చేసినా వాడికి టెన్షనే. దహనం గురించి అడిగితే దాచకండి, చనిపోయిన శరీరానికి నొప్పి తెలియదన్న ఆ మాటే మళ్లీ చెప్పండి.

ఒక్కసారికే అర్థమైపోతుందని మాత్రం అనుకోవద్దు. అయిదారేళ్ల లోపు పిల్లలకి చావంటే కొన్నాళ్లు కనిపించకుండా పోవడమే, మళ్లీ వచ్చేస్తారనే అనుకుంటారు. ఇక రారు, అందరికీ ఇది జరుగుతుంది అన్నది అయిదు నుంచి ఏడేళ్ల మధ్య మెల్లగా తెలుస్తుంది, మీవాడు సరిగ్గా ఆ గడప మీద ఉన్నాడు. సోమవారం అంతా విని తలూపి మంగళవారం "తాతయ్య నా పుట్టినరోజుకి వస్తాడా" అంటాడు. విసుక్కోకుండా అదే జవాబు, అవే మాటల్లో. "నువ్వు కూడా చనిపోతావా" అని అడిగే రోజు కూడా వస్తుంది, అప్పుడు ఎప్పటికీ చనిపోనని ఒట్టు వేయకండి. "నేను బాగానే ఉన్నాను, చాలా ఏళ్లు నీతోనే ఉంటాననుకుంటున్నాను, నిన్ను చూసుకోవడానికి నాన్న, నానమ్మ కూడా ఉన్నారు" అంటే చాలు.

మీరు అడగని విషయం ఒకటుంది. ఈ వయసులో తన కోపం వల్లే ఏదైనా జరిగిందని పిల్లలు నమ్మేస్తారు. ముందురోజు టీవీ రిమోట్ కోసం తాతయ్యతో కటీఫ్ అన్నాడేమో ఎవరికి తెలుసు, వాడు చెప్పడు. అందుకని వాడు అడగకపోయినా "నువ్వు అన్నదాని వల్లో చేసినదాని వల్లో ఇది జరగలేదు" అని ఒకసారి చెప్పేయండి. అల్లరి చేస్తే తాతయ్యకి కోపమొస్తుందని బెదిరించే చుట్టాలుంటే, దయచేసి మొహమాటపడకుండా ఆపండి.

బాత్రూమ్‌లో ఏడవడం మానేయండి. తలుపు వెనక ఏడుపు వాడికి వినిపిస్తూనే ఉంటుంది, ఎందుకో తెలియకపోవడమే వాడికి ఎక్కువ భయం. వాడి ముందే కళ్లు తుడుచుకుని "తాతయ్య గుర్తొచ్చారు, అందుకే ఏడుపొచ్చింది, కాసేపట్లో సర్దుకుంటుంది" అనండి, ఆ తర్వాత లేచి వాడికి అన్నం పెట్టండి. గుండెలు బాదుకుని ఏడవాల్సినంత దుఃఖమొస్తే అది మీ ఆయన దగ్గరో అమ్మ దగ్గరో, మిమ్మల్ని ఊరుకోబెట్టే పని వాడి మీద పడకూడదు. మీ ఆయన కూడా ఏడవొచ్చు, ఆయన పోగొట్టుకుంది తండ్రిని.

వాడు ఆడుకుంటున్నాడంటే బాధ లేదని కాదు. పిల్లల దుఃఖం ముక్కలు ముక్కలుగా వస్తుంది, పది నిమిషాలు ఏడ్చి వెంటనే సైకిల్ ఎక్కేస్తారు. తిట్టకండి.

పక్క తడపడం ఈ వయసులో ఇలాంటి దెబ్బ తర్వాత మామూలే, అయినా డాక్టర్‌ని కాబట్టి ఊరికే వదలను. ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించి యూరిన్ పరీక్ష చేయించండి, ఇన్‌ఫెక్షన్, షుగర్ లేవని తేలితే నిశ్చింత. దాహం బాగా ఎక్కువైనా, బరువు తగ్గుతున్నా మాత్రం ఆ రోజే వెళ్లాలి. స్కూలు టైముకి వచ్చి సెలవురోజు రాని కడుపునొప్పి చాలావరకు బెంగే, జ్వరం, వాంతులు ఉన్నా, రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా అది వేరే సంగతి. పక్క తడిపినందుకు తిట్లు, ఎదురింటివాళ్లకి చెప్పి నవ్వడం రెండూ వద్దు, రబ్బరు షీటు వేసి పడుకునే ముందు బాత్రూమ్‌కి తీసుకెళ్లండి. క్లాస్ టీచర్‌కి విషయం చెప్పి ఉంచండి, స్కూలు మాత్రం మాన్పించకండి, రోజూ ఒకేలా గడవడమే ఇప్పుడు వాడికి మందు. స్కూలు నుంచి తీసుకొచ్చే పని రోజుకొకరు కాకుండా ఎవరో ఒక్కరే చేయండి, తాతయ్య లేని లోటు వాడికి ఎక్కువగా తగిలేది ఆ గేటు దగ్గరే.

ఆదివారం రాత్రి వాడు నిద్రపోయాక మీ ఆయన చడీచప్పుడు లేకుండా జారుకోవద్దు. చెప్పే వెళ్లాలి. క్యాలెండర్‌లో శనివారం మీద వాడి చేతే బొమ్మ గీయించి, రోజూ రాత్రి ఒకే టైముకి వీడియో కాల్ చేయమనండి. నాలుగైదు శనివారాలు నాన్న చెప్పినట్టే తిరిగొస్తే బ్యాగంటే భయం దానంతటదే తగ్గుతుంది.

నిజం చెప్పాక కూడా కొన్ని వారాలకి ఏ మార్పూ లేకపోతే, ఆటలు మానేసి మూలన కూర్చుంటే, తిండి బాగా తగ్గిపోతే, తానూ తాతయ్య దగ్గరికి వెళ్లిపోతానని పదేపదే అంటుంటే పిల్లల మానసిక నిపుణులకి చూపించాలి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది వాడి కోసమే కాదు, మీకు కూడా.

కళ్లజోడు ఇచ్చేయండి. గాజు అద్దాలైతే షాపులో తీయించి ఉత్త ఫ్రేమ్ ఇవ్వండి, పెట్టుకుని తాతయ్యలా పేపర్ చదివితే చదవనివ్వండి. విరిగినా ఏమీ అనొద్దు.