మాట ఎక్కడ దిగుతుంది? (జపనీస్ నేర్చుకుంటున్న అమ్మలుకు)

అమ్మలూ,

ఆశీస్సులు. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్‌3 (మధ్యస్థాయి) పాసయ్యావు, కవాసాకిలో ఉద్యోగం ఖాయమైంది. "ఇన్నాళ్ళూ పిచ్ యాక్సెంట్ (మాటలో గొంతు ఎత్తుపల్లాలు) పట్టించుకోలేదు, ఆర్నెల్లలో కుదురుతుందా?" అని అడిగావు. కుదురుతుంది. ఇందులో నీ తప్పు కొంతే. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు. చాలా పాఠ్యపుస్తకాల్లో మాట మీద పిచ్ గుర్తు ఉండదు. పైగా మొదట్లో అందరిచేతా క్రియకి మర్యాద కోసం మసు చేర్చిన రూపాలే పలికిస్తారు. ఆ రూపాల్లో క్రియకీ క్రియకీ మధ్య పిచ్ తేడా అసలు కనబడదు. ఎందుకో కింద చెప్తాను.

పిచ్ దగ్గరికి పోయేముందు మాత్రలు సరిచూసుకో. పిచ్ తప్పితే జపాన్‌వాళ్ళు సందర్భాన్నిబట్టి సర్దుకుంటారు, మాత్ర తప్పితే మాటే మారిపోతుంది. బ్యోఇన్ ఆస్పత్రి, బియోఇన్ బ్యూటీ పార్లర్. ఒబసన్ అంటే పిన్ని వయసావిడ, ఒబాసన్ అంటే ముసలావిడ. ఆఫీసులో ఈ చివరి రెండూ తారుమారు చేశావంటే పిచ్ ఎంత బాగున్నా లాభంలేదు. మనకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. బళ్ళో నేర్చుకున్న ఛందస్సు లెక్క దాదాపు అలాగే పనికొస్తుంది: లఘువు ఒకటి, గురువు రెండు. తపాలా బిళ్ళని కిత్తె అంటారు. గురువు, లఘువు, మొత్తం మూడు మాత్రలు. నిహొన్ మూడు, తోక్యో నాలుగు. ఒక్క తేడా గుర్తుంచుకో. మనం గురువుని ఒకే ముద్దగా వింటాం, వాళ్ళు రెండు దెబ్బలుగా వింటారు. గొంతు దిగడం ఆ రెండు దెబ్బల మధ్యలోనే జరగొచ్చు. అందుకని బల్ల మీద వేలితో కొడుతూ ని, హొ, న్ అని మూడు దెబ్బలు వేయడం అలవాటు చేసుకో.

ఇక అసలు సంగతి. టోక్యో పలుకుబడిలో ఒక మాటకి గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: గొంతు ఏ మాత్ర తర్వాత దిగుతుంది. ఎక్కడ లేస్తుందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొదటి మాత్ర తర్వాతే దిగే మాట పైన మొదలవుతుంది, మిగతావన్నీ కింద మొదలై రెండో మాత్రకి లేస్తాయి. ఒకసారి దిగాక ఆ మాటలో మళ్ళీ లేవదు. కొన్ని మాటలు అసలు దిగవు. నామవాచకాల్లో దాదాపు సగం ఈ దిగని జాతే.

దిగే చోట బాణం గుర్తు పెడుతున్నాను, చూడు. మూడు మాత్రల మాటలకి నాలుగు రకాలుంటాయి: సకన (చేప) దిగదు, ఇ↓నొచి (ప్రాణం), తమ↓గొ (గుడ్డు), అతమ↓ (తల). వీటినే వరసగా హెఇబన్, అతమదక, నకదక, ఒదక అంటారు. నిఘంటువులు ఈ పేర్ల బదులు అంకె వేస్తాయి: సకనకి 0, ఇనొచికి 1, తమగొకి 2, అతమకి 3. ఆ అంకె ఎన్నో మాత్ర తర్వాత దిగాలో చెప్తుంది. పేర్లు మర్చిపోయినా ఫరవాలేదు, అంకె చాలు.

సకన, అతమ ఈ రెండూ విడిగా పలికితే ఒకేలా వినబడతాయి. వెనక గ (కర్తని చూపే ప్రత్యయం) తగిలించినప్పుడే గుట్టు బయటపడుతుంది. సకన గ అన్నప్పుడు గ పైనే ఉంటుంది, అతమ↓ గ అన్నప్పుడు కిందికి పడుతుంది. కాబట్టి కొత్త మాట ఏది నేర్చినా ఒంటరిగా నేర్చుకోకు, గ తగిలించి నేర్చుకో. నొ (మన "యొక్క" లాంటిది) తగిలించి మాత్రం పరీక్షించకు. చివర దిగే మాటలు నొ ముందు చాలావరకు చదునైపోతాయి. యమ↓ గ (కొండ), కానీ యమ నొ దగ్గర దిగుడు లేదు. నిహొ↓న్ కూడా నిహొన్ నొ అనేసరికి చదునవుతుంది.

మొదటి మూడు వారాలు నోరు తెరవకు, చెవి పని మాత్రమే చెయ్యి. నీకిది నచ్చదని తెలుసు. కానీ తెలుగులో గొంతు ఎత్తు మాట అర్థాన్ని మార్చదు. "వచ్చాడు", "వచ్చాడూ?" అన్నప్పుడు మారేది మన ఉద్దేశమే. అందువల్ల మన చెవి పిచ్‌ని విని కూడా "ఇది భావం, మాట కాదు" అని పక్కన పడేస్తుంది. వినబడని తేడాని పలకడం మొదలుపెడితే తప్పే గట్టిపడుతుంది.

రెండు మాత్రల జతలతో మొదలుపెట్టు. హ↓షి గ అంటే తినే పుల్లలు, హషి↓ గ అంటే వంతెన, హషి గ అంటే అంచు. అ↓మె వాన, అమె మిఠాయి. స↓కె సాల్మన్ చేప, సకె సారా. క↓కి ఆయిస్టర్, కకి↓ కంచె, కకి పెర్సిమన్ పండు. రోజుకి పది నిమిషాలు చాలు. ఆడ, మగ గొంతులు రెండూ ఉండే రికార్డింగులు తీసుకో. ఒకే గొంతు వింటే ఆ మనిషి శ్రుతి గుర్తుంటుంది గాని తేడా పట్టుబడదు. విను, అది ఏ మాటో కాగితం మీద రాయి, తర్వాతే జవాబు చూడు. పదింటికి తొమ్మిది వరసగా మూడు రోజులు కుదిరాక మూడు మాత్రల మాటలకి వెళ్ళు. ముందుగా పట్టుబడేది మొదట్లోనే దిగే రకం. చివర దిగేదీ అసలు దిగనిదీ వేరుచేయడం అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. దానికి కంగారుపడకు.

తర్వాత నోరు. పెదాలు మూసి మూలుగు. "హ↓షి గ" అనకుండా అదే రాగాన్ని మ్మ్, మ్, మ్ అని మూలుగు: పైన, కింద, కింద. హషి↓ గ: కింద, పైన, కింద. హషి గ: కింద, పైన, పైన. మూలుగులో మూడూ వేరుగా వస్తేనే అక్షరాలు పెట్టు. ఇంత తిప్పలెందుకంటే, అక్షరాలు ఉన్నంతసేపూ మనం ఎత్తుకి బదులు బలం పెడతాం. "హా"షి అని గట్టిగా, కొంచెం సాగదీసి పలుకుతాం. బలం పెట్టగానే హ్రస్వం సాగుతుంది, మాత్ర తప్పుతుంది, ఒక తప్పు రెండవుతుంది. మెల్లగా, నిద్రపోతున్న పిల్లాడి పక్కన మాట్లాడినట్టు పలికి చూడు. అప్పుడు కూడా తేడా నిలిచిందంటే అది పిచ్చే. దీర్ఘం కనబడగానే గొంతు పైకి తీసుకుపోవడం మనవాళ్ళలో చాలామందికి ఉన్న ఇంకో అలవాటు. సె-న్-సె↓-ఎ (టీచర్) మూడో మాత్ర తర్వాత దిగాలి, ఆ దీర్ఘం రెండో సగం కిందే ఉండాలి.

వేదపారాయణ వినే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఉదాత్తం, అనుదాత్తం కొంత దారి చూపిస్తాయి. అక్కడా సాధారణంగా మాటకి ఒకటే ఉదాత్తం. ఆ పోలిక అంతవరకే. మన వైపు వినబడే కృష్ణ యజుర్వేద పారాయణలో అన్నిటికంటే పైన పలికేది స్వరితం, ఉదాత్తం కాదు. అది తెచ్చి జపనీస్‌కి తగిలిస్తే గందరగోళమే.

క్రియల దగ్గర మాత్రం ఎక్కువ రోజులు కూర్చో. పెట్టిన కష్టానికి ఎక్కువ ఫలితం ఇక్కడే. నామవాచకాలు ఒక్కొక్కటీ బట్టీపట్టాలి, క్రియలు రెండే జట్లు: దిగేవి, దిగనివి. ఇకు (వెళ్ళు), కికు (విను), నెరు (పడుకో), త్సుకఉ (వాడుకో) దిగవు. దిగే జట్టు నిఘంటు రూపంలో చివరి మాత్రకి ముందు దిగుతుంది: నొ↓ము (తాగు), తబె↓రు (తిను), అరు↓కు (నడువు), హన↓సు (మాట్లాడు). క్రియ ఏ జట్టుదో తెలిస్తే మిగతా రూపాలు లెక్క ప్రకారం వస్తాయి. దిగని జట్టు తె ("చేసి" లాంటిది), త (గతం), నఇ (లేదనేది) రూపాల్లో కూడా దిగదు: ఇత్తె, ఇత్త, ఇకనఇ. దిగే జట్టుకి నఇ ముందు దిగుతుంది: నొమ↓నఇ, తబె↓నఇ. తె, త రూపాల దగ్గర జాగ్రత్త. నొ↓ము, నొ↓న్దె, అరు↓కు, అరు↓ఇతె. ఇవి ఉన్నచోటే ఉంటాయి. తబె↓రు, ఒకి↓రు (లేవడం) లాంటి ఇచిదన్ క్రియలు (రు తీసేసి తె చేర్చేవి) మాత్రం ఒక మాత్ర ముందుకి జరుగుతాయి: త↓బెతె, ఒ↓కితె. తబె↓తె అనడం నేర్చుకునేవాళ్ళలో మామూలుగా కనబడే తప్పు. క↓ఎరు (ఇంటికెళ్ళు), హ↓ఇరు (లోపలికి వెళ్ళు), తొ↓ఒరు (దాటి వెళ్ళు), ఇవి లెక్క తప్పినట్టు కనిపిస్తాయి. చివరి నుంచి రెండో మాత్ర ఉత్త అచ్చు, ముందు అచ్చుకి తోకలా ఉంటుంది. దిగుడు దాని మీద నిలవక ముందున్నదాని మీదికి జారింది.

ఇప్పుడు మసు సంగతి. ఏ జట్టు క్రియకైనా మసు చేరితే దిగుడు మ తర్వాతే: ఇకిమ↓సు, తబెమ↓సు. గతంలో మ↓షిత, లేదన్నప్పుడు మసె↓న్, చేద్దామన్నప్పుడు మషొ↓ఒ. క్రియ సొంత పిచ్ మొత్తం చెరిగిపోతుంది. అందుకే మర్యాద భాషలో బాగా పలికేవాళ్ళు కూడా స్నేహితులతో మామూలు రూపాలకి దిగగానే బయటపడిపోతారు. ఇను↓ ఒ క↓ఉ అంటే కుక్కని పెంచుతాను, ఇను↓ ఒ కఉ అంటే కుక్కని కొంటాను. రెండింటికీ మసు చేర్చు, కఇమ↓సు. తేడా ఎగిరిపోయింది. నామవాచకం వెనక వచ్చే మర్యాద మాట దెసు ఇంకో రకం. దిగని మాట తర్వాత దె మీద దిగుతుంది (సకనదె↓సు), ముందే దిగిన మాట తర్వాత కిందే ఉండిపోతుంది (తమ↓గొదెసు).

విశేషణాలదీ రెండు జట్లే. అత్సుఇ దిగకపోతే మందం, అత్సు↓ఇ అంటే వేడి. దిగనివి కొద్ది, టోక్యో కుర్రకారే ఈ రెండు జట్లనీ కలిపేస్తున్నారు. వీటి కోసం నిద్ర పాడుచేసుకోకు.

సమాసాల్లో విడి మాటల పిచ్ నిలవదు, చివరి ముక్కే పెత్తనం చేస్తుంది. భాష పేర్లలో గొ చేరితే మొత్తం చదును: నిహొన్‌గొ, తెరుగుగొ. జిన్ (మనిషి) చేరితే మామూలుగా దానికి ముందు దిగుతుంది: ఇన్దొ↓జిన్. జిల్లా లాంటి కెన్ చేరినా అంతే: చిబ↓కెన్. తోక్యో, దఇగకు (విశ్వవిద్యాలయం) రెండూ విడిగా దిగనివే, కలిస్తే తోక్యోద↓ఇగకు. విదేశీ మాటలకి మామూలు సూత్రం చివరినుంచి మూడో మాత్ర తర్వాత దిగడం: క↓మెర, ఒరె↓న్జి. ఆ మూడోది దీర్ఘపు తోకైతే ఒకటి ముందుకి: ఎరెబె↓ఎతా. అమెరిక, పసొకొన్ (కంప్యూటర్) లాంటి నాలుగు మాత్రలవి చాలా చదునుగా ఉంటాయి. మీ ఆఫీసువాళ్ళు నీ పేరుని కతకనలో (విదేశీ మాటలు రాసే లిపి) రాశాక ఈ సూత్రంతోనే పలుకుతారు. నువ్వూ అలాగే పరిచయం చేసుకో, ఒక్కసారికే పట్టుకుంటారు.

నేర్చిన ఎన్‌3 మాటలన్నీ తిరగదోడే పని పెట్టుకోకు. వంద క్రియలు, అంకెలు, రోజూ పదిసార్లు నోట్లో నానే పలకరింపులు, అంతే. హజిమెమ↓షితె. ఇ↓న్దొ కర కిమ↓షిత. యొరొషికు ఒనెగఇషిమ↓సు. అరి↓గతోఓ. సుమిమసె↓న్. ఇవి బాగుంటే వినేవాళ్ళకి మొదటి నిమిషంలోనే హాయిగా ఉంటుంది. కొత్తగా చేరే మాటలకి మాత్రం కార్డు మీద అర్థం పక్కనే అంకె వెయ్యి.

చూసుకోవడానికి జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఉచ్చారణ నిఘంటువు 2016 ముద్రణ నమ్మదగ్గది. ఖర్చు లేకుండా కావాలంటే టోక్యో విశ్వవిద్యాలయంవాళ్ళ ఓజాడ్ సైటు ఉంది. క్రియలు, విశేషణాల రూపాలన్నిటికీ దిగే చోటు చూపిస్తుంది. అందులో సుజుకి-కున్ అనే భాగంలో వాక్యం పెడితే గీత గీసి పలికి చూపిస్తుంది. అది యంత్రం వేసే అంచనా. మనుషుల పేర్లు, రెండు రకాలుగా చదివే కంజీల (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) దగ్గర తప్పుతుంది.

నీ గొంతుని కంటితో చూడాలంటే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకో. పిచ్ హద్దులు ఆడవాళ్ళకి 100 నుంచి 500 హెర్ట్జ్ అని పెట్టు. ఆ హద్దులు సరిగ్గా లేకపోతే గీత ఉన్నట్టుండి సగానికి పడిపోతుంది, నువ్వు దిగావని పొరబడతావు. క, త, స దగ్గర గీత తెగినా, చిన్నగా ఎగిరినా పట్టించుకోకు, అది హల్లు చేసే పని. సుకి↓ (ఇష్టం) లాంటి మాటల్లో సు అచ్చు గుసగుసైపోతుంది, అక్కడ గీతే ఉండదు. చూడాల్సింది ఒక్కటే: బాణం పెట్టిన చోట గీత కిందికి వంగిందా, లేదా. పొడుగు వాక్యంలో దిగిన ప్రతిసారీ తర్వాతి ఎత్తు ముందుదానికంటే తగ్గుతూ మెట్లు దిగుతుంది. మనం ప్రతి మాటకీ మళ్ళీ మొదటి ఎత్తుకి ఎక్కుతాం. విడిగా ప్రతి మాటా సరిగ్గా ఉండి, కలిపితే పాఠం అప్పజెప్పినట్టు ఉందంటే కారణం ఇదే.

కవాసాకిలో పక్క సీటులో ఒసాకా మనిషి ఉంటే, అతని పలుకు వింటూ నీది దిద్దుకోకు. అక్కడ తినే పుల్లలకీ వంతెనకీ టోక్యోకి తలకిందులుగా ఉంటుంది, అరిగతోఓలో ఎత్తు తొ మీదికి పోతుంది. అది తప్పు కాదు, వేరే పద్ధతి. మియజాకి, ఇబరకి, తొచిగి ప్రాంతాల్లో మాటని పిచ్‌తో వేరుచేసే పద్ధతే లేని ఊళ్ళున్నాయి. అక్కడివాళ్ళకి నీ హ↓షి, హషి↓ రెండూ ఒకటే.

పది వాక్యాలు ఎంచుకో. ఒక్కొక్కటీ రికార్డు చేసి, అసలు గొంతు పక్కన పెట్టి విని, మళ్ళీ చెయ్యి. ఇరవై నిమిషాలు దాటితే చెవి అలసిపోయి అన్నీ సరిగ్గా ఉన్నట్టే వినిపిస్తాయి, అక్కడ ఆపు. నెలాఖరుకి ఆ పదీ నాకు పంపు. చదువుతూ చెప్పినవి కాదు, కాగితం చూడకుండా చెప్పినవి.

మీ పెదనాన్న