స్టేజ్ పియానో కోసం పొదుపు కరగబెట్టాలా, వాయిదాలు కట్టాలా?

ప్రశ్న: చిన్న బ్యాండ్‌లో కీబోర్డు వాయిస్తాను. నెలకు రెండు మూడు కార్యక్రమాలుంటాయి, ఆదాయం ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. ఇప్పుడున్న 61 కీల కీబోర్డు మీద పియానో భాగాలు సరిగా పలకడం లేదు. 88 వెయిటెడ్ కీలున్న (అసలు పియానోలా బరువుగా దిగేవి) డిజిటల్ పియానో కొనాలి. రెండు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. అది తీసి అన్నిటికంటే చవకైనది కొనమంటారా? లేక వడ్డీ లేని వాయిదాల్లో ఖరీదైన స్టేజ్ మోడల్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దండి. ఆ రెండు నెలల పొదుపు జోలికి వెళ్లకండి. నెలనెలా ఒకేలా రాని ఆదాయం మీద నడిచే ఇంటికి నిజానికి అది చాలదు, ఆరు నెలల ఖర్చుకు పెంచుకోవాల్సిన డబ్బు. మీకు సరిపడేది మధ్య ధరలో లైన్ అవుట్ (శబ్దాన్ని సౌండ్ సిస్టమ్‌కు పంపే సాకెట్) ఉన్న మోడల్. దానికి కార్యక్రమాల ఆదాయం నుంచి కొన్ని నెలలు కూడబెట్టండి. తొందరగా కావాలంటే అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి.

అన్నిటికంటే చవకైనది ఎందుకు వద్దంటున్నానంటే, ధర తగ్గించేటప్పుడు కంపెనీలు తరచూ కోత పెట్టేది వెనుక ఉండే సాకెట్లలోనే. యమహా పీ-145, రోలాండ్ ఎఫ్‌పీ-10 ఇంట్లో సాధనకు చక్కటి వాయిద్యాలు. కానీ వాటికి విడిగా లైన్ అవుట్ లేదు. శబ్దం మిక్సర్‌కు (అందరి శబ్దాలనూ కలిపే యంత్రానికి) పంపాలంటే హెడ్‌ఫోన్ సాకెట్టే గతి. అందులో ఎడమ, కుడి చానళ్లు రెండూ ఒకే ప్లగ్‌లో ఉంటాయి. మామూలు గిటార్ కేబుల్ గుచ్చితే కుడి చానల్ షార్ట్ అవుతుంది. స్టీరియో కేబుల్‌తో నేరుగా మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు (రెండు తీగల మధ్య తేడానే శబ్దంగా తీసుకునే సాకెట్‌కు) కలిపితే ఇంకా చిత్రం: మిక్సర్ ఒక చానల్‌లోంచి రెండోదాన్ని తీసేస్తుంది. రెండింటిలో ఒకేలా ఉన్న శబ్దమంతా మాయమై, డొల్లగా ప్రతిధ్వని లాంటిదే మిగులుతుంది. పియానో పాడైందని కంగారుపడేది ఇక్కడే. ఒక స్టీరియో ప్లగ్ రెండు మోనో ప్లగ్గులుగా చీలే వై కేబుల్‌తో మిక్సర్‌లో రెండు చానళ్లు వాడితే పని నడుస్తుంది. కానీ ఎఫ్‌పీ-10లో ఉన్నలాంటి 3.5 మిల్లీమీటర్ల చిన్న సాకెట్ వేదిక మీద కేబుల్ లాగుళ్లకు తట్టుకునేది కాదు. నెలకు మూడుసార్లు విప్పి బిగించే మీకు అది నచ్చదు.

ఒక మెట్టు పైకెక్కితే యమహా పీ-225, కాసియో పీఎక్స్-ఎస్1100, కవాయ్ ఈఎస్120, రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ ఉన్నాయి. నాలుగింటికీ ఎడమ, కుడి లైన్ అవుట్లు ఉన్నాయి. బరువు వరుసగా 11.5, 11.2, 12, 14.8 కిలోలు. మీరు ఒక్కరే మోసుకెళ్లేవారైతే ఆ మూడున్నర కిలోల తేడాను తేలిగ్గా తీసుకోకండి, బ్యాగు, స్టాండు, కేబుళ్లు దాని మీద అదనం. కాసియో ఆరు ఏఏ బ్యాటరీలతోనూ పనిచేస్తుంది, కరెంటు నమ్మకం లేని ఆరుబయలు వేదికలకు అది పెద్ద వరం. రోలాండ్ బరువైనా కీల స్పర్శ చాలామందికి నచ్చుతుంది. ఏది కొనాలన్నది మీ వేళ్లు తేల్చాలి: మీరు తరచూ వాయించే భాగాన్ని ఒక్కో దాని మీద కనీసం పదిహేను నిమిషాలు వాయించండి. ఒకే కీని వేగంగా మళ్లీ మళ్లీ కొట్టినప్పుడు ఏది తడబడుతుందో, నల్ల కీల లోపలి అంచు దగ్గర ఏది బిగుసుకున్నట్టుందో అప్పటికి తెలిసిపోతుంది.

ఇక మీరు మనసుపడ్డ ఖరీదైన స్టేజ్ మోడళ్ల సంగతి. రోలాండ్ ఆర్‌డీ-88నే తీసుకోండి. అందులోని కీబోర్డు యంత్రాంగం ఎఫ్‌పీ-10, ఎఫ్‌పీ-30ఎక్స్‌లలో ఉన్న పీహెచ్‌ఏ-4 స్టాండర్డే. అంటే పెట్టే అదనపు డబ్బుకు మెరుగైన కీలు రావు, వాయిస్తూ తిప్పుకునే నాబ్‌లు, ఎక్కువ శబ్దాలు, అమరికలను దాచుకుని క్షణంలో పిలుచుకునే సౌకర్యం వస్తాయి. ఒకే పాటలో మూడు నాలుగు శబ్దాలు మార్చేవారికి అవి విలువైనవే. పియానో, ఎలక్ట్రిక్ పియానో, వెనుక కాస్త స్ట్రింగ్స్‌తో గడిచిపోయే బ్యాండ్‌కు ఆ డబ్బు పెట్టడం నాకు సమంజసంగా అనిపించదు. స్పీకర్లు అసలే అక్కర్లేదనుకుంటే కోర్గ్ డీ1 ఉంది, ఎత్తేముందు దాని బరువు 16 కిలోలని గుర్తుంచుకోండి.

పాలిఫనీ, అంటే ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య గురించి ఒక్కమాట. సస్టెయిన్ పెడల్ (వేలు తీసినా స్వరాన్ని మోగనిచ్చేది) నొక్కి ఉంచి స్ట్రింగ్స్ కూడా కలిపితే 64 స్వరాల పరిమితి తొందరగానే నిండి, పాత స్వరాలు మధ్యలో తెగిపోతాయి. 128, ఆపైన ఉంటే నిశ్చింత. 192కూ 256కూ మీ పనిలో తేడా వినపడదు, దానికోసం ఎక్కువ చెల్లించకండి.

ఇప్పుడు లెక్క. మొత్తం బడ్జెట్‌ను 100 భాగాలనుకుంటే వాయిద్యానికి 70 దాటనివ్వకండి. స్టాండుకు 8, దళసరి ప్యాడింగ్ బ్యాగుకు 8, సస్టెయిన్ పెడల్‌కు 4, కేబుళ్లు, డీఐ బాక్సులకు (శబ్దాన్ని రొద లేకుండా దూరం పంపేలా మార్చే చిన్న పెట్టెలు) 7, అదనపు అడాప్టర్‌కు 3. వందా పియానోకే పెట్టేస్తే మొదటి కార్యక్రమం నాటికి అప్పు చేసి స్టాండు కొనాల్సి వస్తుంది. స్టాండు విషయంలో ఒంటి కడ్డీ ఎక్స్ ఆకారంవి వద్దు, 88 కీల బరువుకు ఊగుతాయి. జంట కడ్డీలది గానీ బల్లలాంటిది గానీ తీసుకోండి. పియానోతో వచ్చే చిన్న చదరపు పెడల్ వాయిస్తుంటే జారిపోతుంది, అడుగున రబ్బరు ఉన్న లోహపు పెడల్ కొనండి. అందులో పొలారిటీ స్విచ్ ఉండాలి. కాలు తీసినప్పుడు స్వరం మోగుతూ, నొక్కితే ఆగిపోతుంటే పొలారిటీ తిరగబడిందని అర్థం. స్విచ్ మారిస్తే సరిపోతుంది. కొన్ని పియానోలు ఆన్ చేసే క్షణంలో పెడల్ స్థితిని చూసుకుంటాయి, అప్పుడు దాని మీద కాలు పెట్టకండి.

డీఐ బాక్సులు ఎందుకంటే, చాలా పియానోల లైన్ అవుట్లు అన్‌బ్యాలెన్స్‌డ్‌వి. కేబుల్ ఆరు మీటర్లు దాటిందంటే బుయ్‌మనే రొద ఎక్కుతుంది. పియానో పక్కనే డీఐ పెట్టి అక్కడి నుంచి మైక్ కేబుల్‌తో పంపితే దూరం సమస్య కాదు. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నదే తీసుకోండి, పియానో నుంచి ఒక కరెంటు దారి, మిక్సర్ నుంచి మరొకటి కలిసినప్పుడు పుట్టే రొదను అది తుంచుతుంది. మీరు వాయించే చోట్ల సౌండ్ మోనోలోనే వెళ్తుంటే ఒక్క డీఐ చాలు. ఎడమ సాకెట్ మీద మోనో అని రాసి ఉంటే అందులో ఒక్కటే గుచ్చండి, పియానో రెండు చానళ్లనూ కలిపి పంపుతుంది. కానీ కొన్ని స్టీరియో పియానో శబ్దాలు అలా కలిసినప్పుడు పలచబడతాయి. కాబట్టి కొనేముందే మోనోలో విని చూడండి. ఖర్చు తగ్గించాలని బ్లూటూత్ స్పీకర్‌కు కలపకండి, కీ నొక్కాక శబ్దం వెనకబడి తాళం చెడుతుంది.

కొనడమా, అద్దెకు తెచ్చుకోవడమా అన్నదీ లెక్కేయాలి. 100 భాగాలు పెట్టి కొని, మూడేళ్ల తర్వాత అమ్మితే అన్నీ కలిపి 45 తిరిగొచ్చాయనుకోండి. మధ్యలో మరమ్మతుకు 5 అయితే నికర ఖర్చు 60. అద్దె ఒక్కో రాత్రికి 3 భాగాలైతే మూడేళ్లలో 20 కార్యక్రమాల దగ్గర రెండూ సమానం. నెలకు రెండున్నర చొప్పున మీకు 90 వస్తాయి, అంటే కొనడమే లాభం. ఏడాదికి ఆరే ఉన్నవారికి నేను అద్దే చెబుతాను. మీ దగ్గరి అసలు అద్దె, అమ్మకం ధర పెట్టి ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

వడ్డీ లేని వాయిదా అన్న మాటను పూర్తిగా నమ్మకండి. నగదు ఇస్తే 92కు వచ్చే వస్తువును 12 వాయిదాల్లో 100కు ఇచ్చి, మొదట్లో 2 రుసుము తీసుకుంటే మీరు చెల్లిస్తున్నది ఏడాదికి సుమారు 20 శాతం వడ్డీ. "మొత్తం ఇప్పుడే ఇస్తే ఎంత?" అని ముందు అడగండి. తప్పనిసరై వాయిదా తీసుకున్నా, గత 12 నెలల్లో కార్యక్రమాల నుంచి అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను చూసి, అందులో మూడో వంతును మించనివ్వకండి. సగటును చూస్తే మోసపోతారు, వాయిదా గడువు గడ్డు నెలలోనూ వస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు 88 కీలనూ ఒక్కొక్కటిగా మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా నొక్కండి. ఒక కీ ఎలా నొక్కినా గట్టిగానే పలికితే, లేదా పలకకపోతే, కింది రబ్బరు కాంటాక్టుల్లో దుమ్ము చేరి ఉండొచ్చు. శుభ్రం చేస్తే పోవచ్చు, కానీ ఆ పని ఖర్చును ధరలో తగ్గించమనండి. వరుసగా కొన్ని కీలు టకటకమంటే లోపలి ఫెల్ట్ అరిగినట్టు, బేరం ఇంకా గట్టిగా ఆడాలి. ఎడమ, కుడి లైన్ అవుట్లను విడివిడిగా వినండి, ప్లగ్‌ను కాస్త కదిలిస్తూ గరగర వస్తుందేమో చూడండి. పెడల్ సాకెట్‌నూ అలాగే. అడాప్టర్ అసలైనదేనా అడగండి. వేరేదైతే వోల్టేజి, పిన్ను ధ్రువాలు సరిగ్గా సరిపోవాలి, ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి.

కొన్నాక బిల్లును, సీరియల్ నంబర్ ఫొటోను భద్రపరచండి. ఇంటి బీమా ఉంటే, డబ్బు సంపాదించడానికి బయటికి తీసుకెళ్లే వాయిద్యానికి అది వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి, వర్తించకపోతే విడిగా బీమా ఎంతవుతుందో కనుక్కోండి.